చెయ్యి అప్పజెప్పకుండా

మా అరకు కొండల థింసాలో ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్ళం వరుసగా నిలబడి, వీపుల వెనకనుంచి ఒకరి చేతులొకరం పట్టుకుని ఆడతాం కదా, ఆట మధ్యలో ఎవరికైనా వెళ్ళాల్సొస్తే, చంటిది ఏడ్చిందనో, పొయ్యి మీద జావ పొంగిపోతోందనో, ఊరికే చెయ్యి విదిలించుకుని పోకూడదు. ఒక పక్కామె చేతిని తీసుకెళ్ళి రెండో పక్కామె చేతిలో పెట్టి, అప్పుడు బయటికి రావాలి. దీన్ని చెయ్యి అప్పజెప్పడం అంటాం. నాకు నడక వచ్చిన కొత్తలోనే వచ్చిన పద్ధతి ఇది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అలాంటిదాన్ని నేను ఒక్కసారి తప్పాను, అదీ టీవీలో, ఇద్దరు జడ్జీల ఎదురుగా.

మా అప్ప నాకన్నా ఐదేళ్ళు పెద్దది. ఆమెకి రేచీకటి. పొద్దు వాలిందంటే చాలు, వాకిట్లో ఉన్న మేకపిల్ల కూడా కనపడదు. చిన్నప్పుడు మేక కార్జం తినిపించారు, నర్సమ్మ నోట్లో చుక్కలు వేసింది, దేవతకి కోడిని మొక్కారు. ఏదీ పని చెయ్యలేదు. పగలంతా మాత్రం కొండెక్కి చింతపండు దులిపేది, కాఫీ పళ్ళు కోసేది, నన్ను చంకనెత్తుకుని సంతకి నడిచేది. సాయంత్రమైతే లెక్క తిరగబడేది. నేను ఆమెకి కళ్ళు. ఆరేళ్ళదాన్ని, ముక్కు కారుతూ, ఆమె చెయ్యి పట్టుకుని బావి దాకా తీసుకెళ్ళేదాన్ని. "బేగి నడు గుంటా," అనేది. "పడిపోతావప్పా," అంటే, "నువ్వుంటే పడనే," అనేది. ఆ మాట ఆమె ఊరికే అనేసేది. నాకు మాత్రం పెద్ద బాధ్యతలా ఉండేది, కొంచెం గర్వంగానూ ఉండేది.

చైత్రంలో మా ఇటుకల పండక్కి పొద్దు వాలాక కూడా ఆడాల్సొచ్చేది. మా మేనత్త వరుసకి ముందు నిలబడేది. వరుస చివర అప్ప, ఆమె పక్కన నేను. ఆమెకి ఇటువైపు నా చెయ్యి ఒక్కటే, అటువైపు ఎవరూ లేరు. అయినా ఒక్క అడుగు తప్పేది కాదు. నా చెయ్యి లాగిన దాన్నిబట్టి, వదులైన దాన్నిబట్టి వరుస ఎటు తిరుగుతోందో ఆమెకి తెలిసిపోయేది. చూసేవాళ్ళెవరూ పోల్చుకోలేరు. మేమూ దాచిపెట్టలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, చెప్పుకోవాల్సినంత సంగతి కాదు.

నాకు టీవీ పిచ్చి పట్టింది ఇంటర్ చదువుతుండగా. అరకులో మా హాస్టలుకి దగ్గర్లో కింద మైదానం నుంచి వచ్చిన షావుకారు దుకాణం ఉండేది. ఆయన గల్లాపెట్టె పైన కలర్ టీవీ పెట్టాడు. శుక్రవారం సంతకి అల్లం, రాజ్మా, పిప్పళ్ళు తెచ్చినవాళ్ళంతా అమ్ముకోవడం అయ్యాక దాని ముందు గుమిగూడేవాళ్ళు. ముందు వారం వచ్చిన డాన్స్ పోటీని ఆ పూటే మళ్ళీ వేసేవాళ్ళు. అందరూ డాన్సు చూసేవాళ్ళు. నేను జడ్జీలని చూసేదాన్ని.

ఇద్దరు జడ్జీలు. ఒకాయన సినిమాలకి డాన్సులు నేర్పే మాస్టారు, ఎప్పుడూ నల్లకళ్ళద్దాలే. రెండో ఆవిడ ఒకప్పటి హీరోయిన్ అట, మేడమ్ అనేవాళ్ళు. ఆవిడ ఊరికే ఏడ్చేస్తుంది. ఏడ్చిందంటే మార్కులు బాగా వేస్తుందన్నమాట. మాస్టారు అలా కాదు. కుర్చీలో వెనక్కి వాలి రాయిలా కూర్చుంటాడు. డాన్సు నిజంగా నచ్చితే మాత్రం మెల్లిగా ఆ అద్దాలు తీసి బల్ల మీద పెడతాడు. పది మందిలో ఒకరికి తీస్తాడేమో. తీశాడంటే అవతలివాళ్ళు స్టేజీ మీదే కూలబడి దండాలు పెట్టేసేవాళ్ళు. హాస్టల్లో అద్దం ముందు నిలబడి నేను అదే ఆలోచించేదాన్ని, నాకు తీస్తాడా అని. సిగ్గు లేకపోతే సరి!

ఆ యేడే ఆ పోటీవాళ్ళు జానపదాల వారం అని పెట్టి, టూరిస్టుల ముందు ఆడుతున్న మా జట్టుని చూసి, హైదరాబాదు రమ్మన్నారు. ఊళ్ళో ఒకటే హడావుడి. మేనత్త మూడు రోజులు ఆలోచించి, "మీ అప్ప వత్తే వరస నిండుగుంటాది," అంది. అప్ప సంతోషంగానే ఒప్పుకుంది. స్టేజీ ఎలా ఉంటుందో టీవీలో చూసినదాన్ని నేనొక్కదాన్నే. చుట్టూ చీకటి, మధ్యలో లైట్లు, పొగ. అప్పకి చెప్పాలా వద్దా? చెబితే రానంటుందేమో. అప్ప రాకపోతే అత్త జట్టునే ఆపేస్తుందేమో. జట్టు ఆగిపోతే నా మాస్టారో? చివరికి చెప్పలేదు. నా చెయ్యి ఉంది కదా, ఏమవుతుందిలే అనుకున్నాను.

కిరండూల్ పాసింజర్లో విశాఖపట్నం దిగాం. ఘాట్లో సొరంగాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. రైలు కూత వేసి లోపలికి దూరగానే పెట్టెంతా గుడ్డి చీకటి, పిల్లలందరూ కేకలు. చీకటైన ప్రతిసారీ అప్ప చెయ్యి వచ్చి నా చెయ్యి మీద పడేది. బయట పడగానే తీసేసి కిటికీలోంచి చూస్తూ, "అదిగోనే, ఆ లోయ సూడు," అనేది. మళ్ళీ చీకటి, మళ్ళీ చెయ్యి. ఆమెకి అదొక ఆటలా ఉంది. నాకు మాత్రం ఒక్కొక్క సొరంగంలో ఒకటే ఆలోచన, ఆ స్టేజీ మీద ఈ చెయ్యి జారితే ఏం చెయ్యాలి అని.

స్టూడియోలో మొదట మేకప్ గొడవ. మేకప్ అతను మమ్మల్ని ఎగాదిగా చూసి, ఇంకాస్త నల్లగా ఉండాలని మొహాలకి ఏదో పులిమాడు. గిరిజనులంటే అలాగే ఉండాలట. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ మాస్టారు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. తర్వాత తలకి కట్టుకోమని ప్లాస్టిక్ ఈకల పట్టీలు ఇచ్చారు. మేనత్త ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ కోడిదే గుంటా? రోగమొచ్చిన కోడిలాగుంది," అని బల్ల మీద పడేసింది. ఎవరమూ కట్టుకోలేదు. అప్ప పడీ పడీ నవ్వింది. మేకప్ వెనక కూడా ఆమె మొహం వెలిగిపోవడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

మాకు డాన్సు దిద్దడానికి ఒకమ్మాయిని పెట్టారు, అసిస్టెంటు మాస్టరు. మెడలో విజిలు, నోట్లో ఎప్పుడూ లెక్కలు. మా ఆట రెండు నిమిషాలు చూసి, "అంతా ఒకేలా ఉందమ్మా. లైను తిరగడం, లైను తిరగడం. ఇందులో జడ్జీలు ఎవర్ని చూడాలి?" అంది. నన్ను వేలు పెట్టి చూపించింది. మధ్యలో నేను వరుసలోంచి బయటికి రావాలి, ముందుకొచ్చి ఎనిమిది లెక్కలు ఒక్కదాన్నే ఆడాలి, మళ్ళీ వెళ్ళి కలిసిపోవాలి. జట్టులో చిన్నదాన్ని నేనే, నవ్వితే బావుంటానట.

సంతోషంతో నా చెవులు వేడెక్కిపోయాయి. మేనత్త ఏమంటుందోనని భయపడ్డాను గానీ, ఆవిడ, "ఎల్లు, కానీ సెయ్యి అప్పజెప్పి ఎల్లు," అంది అంతే.

అలాగే చేశాను. అప్ప చేతిని తీసి ముందున్నామె చేతిలో పెట్టి బయటికి వచ్చాను. అసిస్టెంటు మాస్టరు విజిలు ఊదింది. "ఏంటది? ఆ చేతులు కలపడం దేనికి? రెండు కౌంట్లు పోతున్నాయి. తీసెయ్. నువ్వు డైరెక్టుగా వచ్చెయ్, ఆ చివరమ్మాయి నాలుగడుగులేసి ముందు అమ్మాయి చెయ్యి తనే పట్టుకుంటుంది." మేనత్త ఏదో అనబోయింది. నేనే అడ్డుపడి, "రెండు లెక్కలే కదత్తా, పోనీ," అన్నాను. అప్ప కూడా, "అయితే ఏటి, నాలుగడుగులే గదా," అంది. అప్పుడు స్టూడియో నిండా లైట్లు. పట్టపగలులా ఉంది. అప్ప గబగబా నాలుగడుగులు వేసి చెయ్యి అందుకుంది. మళ్ళీ చేశాం, మళ్ళీ అందుకుంది. నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను.

మా వంతు రావడానికి కాస్త ముందు, స్టేజీ పక్కన నిలబడి ఉన్నాం. అసిస్టెంటు మాస్టరు పరుగున వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. "నువ్వు బయటికి రాగానే లైట్లన్నీ ఆఫ్ చేసేస్తారు. ఒక్క స్పాట్ నీ మీద. అదిరిపోతుంది చూడు!" అంది.

చెప్పాలి. మా అప్పకి చీకట్లో కనపడదండీ, లైట్లు తియ్యకండీ. ఇంతే. ఎన్ని మాటలున్నాయి ఇందులో? చెబితే ఏమవుతుంది? లైట్లు ఉంచేస్తారు. లేకపోతే అప్పని పక్కన కూర్చోబెట్టేస్తారు, ఇంత దూరం తీసుకొచ్చి. లేకపోతే ఆ ఎనిమిది లెక్కలే తీసేస్తారు. రెండోదానికే భయపడ్డానని చెప్పుకోవడం బావుంటుంది గానీ, నా నోరు కట్టేసింది మూడోదే.

అప్ప దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పాను. "అప్పా, నేను బయటికొచ్చాక లైట్లు తీసేస్తారట. నువ్వు ఎటూ కదలకు. ఉన్నచోటే నిలబడు. స్టేజీ అంచు దగ్గర్లోనే ఉంది, దానికి కంచె కూడా లేదు. ఎనిమిది లెక్కపెట్టు. ఎనిమిదికి నేనే వచ్చి చెయ్యి పట్టుకుంటాను."

అప్ప నా వైపు తిరిగి, "బేగి వత్తావు గదా?" అంది.

"ఎనిమిదికి వచ్చేస్తానప్పా."

"అయితే సరి," అంది. నవ్వింది కూడా.

తుడుము మోగింది. స్టేజీ మీదికి వెళ్ళాం. ఎదురుగా పెద్ద బల్ల, బల్ల వెనక వాళ్ళిద్దరూ. టీవీలో కన్నా చిన్నగా కనిపించారు. మాస్టారు కుర్చీలో వాలి, అద్దాలు పెట్టుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. వరుస తిరుగుతోంది. అప్ప చెయ్యి నా చేతిలో చెమట పట్టి ఉంది, లేకపోతే ఆ చెమట నాదేనేమో. ఆ మలుపు వచ్చింది. నేను చెయ్యి వదిలేశాను.

ఠప్పున చీకటైపోయింది. నా మీద ఒక్క లైటు. నా కాళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. వెనక అందెల చప్పుడు దూరమవుతోంది, వరుస అటువైపు వెళ్ళిపోతోంది. నాలుగు, ఐదు. తిరిగినప్పుడు ఒకసారి వెనక్కి చూశాను. నా లైటు పొగలో మసగ్గా పరుచుకున్నచోట అప్ప నిలబడి ఉంది. చెప్పినట్టే, కదలకుండా. చెయ్యి నడుము వెనక్కి చాచి, అరచెయ్యి తెరిచిపెట్టి. ఆరు. ముందుకి తిరిగాను. మాస్టారి చెయ్యి గడ్డం కిందనుంచి లేచింది. ఏడు. ఆ చెయ్యి అద్దాల దాకా వెళ్ళింది.

ఎనిమిది.

నాకు తెలుసు. లెక్క తప్పిందనో, కంగారులో మర్చిపోయాననో ఇన్నేళ్ళ తర్వాత చెప్పినా ఎవరూ కాదనరు. కానీ నాకు లెక్క తెలుసు. ఎనిమిది అయిపోయిందని తెలుసు, అప్ప అక్కడ నిలబడి ఉందని తెలుసు. అద్దాలు ఇంకా పూర్తిగా రాలేదు. ఒక్క చుట్టు, ఇంకొక్క చుట్టు అనుకుంటూ ఆడుతూనే ఉన్నాను. మాస్టారు అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తుడుము ఆగేదాకా నేను అక్కడే ఉన్నాను.

లైట్లు వచ్చాయి. వరుస అటుపక్కన ఉంది, నేను ముందు ఉన్నాను, వెనక ఖాళీ స్టేజీ మీద మా అప్ప ఒక్కర్తీ అలాగే చెయ్యి చాచి నిలబడి ఉంది. వెలుగు రాగానే నన్ను వెతుక్కుంది. కనపడగానే ఆమె భుజాలు కిందికి దిగాయి. జనం ఒకటే చప్పట్లు. మేడమ్ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఆ అమ్మాయి," అంది మేడమ్, వేలితో వెనక్కి చూపిస్తూ. "ఆ వెనకాల నిలబడిన అమ్మాయి! ఆ చెయ్యి అలా వెనక్కి పెట్టి... నాకు ఒళ్ళంతా జలదరించింది. ఎంత అర్థం ఉందండీ అందులో."

మాస్టారు ముందుకి వంగి మైకు పట్టుకుని, "ఇరగదీశారు!" అన్నాడు. "నిజంగా ఇరగదీసేశారు. ఆ కాన్సెప్ట్ ఎవరిదమ్మా? ఒకళ్ళు ముందుకెళ్ళిపోతే ఒకళ్ళు అలా నిలబడిపోవడం?"

యాంకరమ్మ మైకు తెచ్చి నా నోటి ముందు పెట్టింది. ఇక్కడైనా చెప్పొచ్చు. "మాదే సార్," అన్నాను. నా గొంతు స్పీకర్లలో పెద్దగా వినపడింది. "మా థింసాలో ఉంది సార్. వెళ్ళిపోయినవాళ్ళ కోసం వరుసలో ఒకళ్ళు అలా నిలబడతారు సార్. మా పెద్దలనాటి సంప్రదాయం."

మళ్ళీ చప్పట్లు. మేనత్త తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపుని చెప్పడానికి తెలుగులోనూ మాట లేదు, మా ఇంటి ఒడియాలోనూ లేదు. మాస్టారు పదికి పది వేశాడు. మళ్ళీ పిలుస్తామన్నారు. పిలవలేదు, ఎందుకు పిలవలేదో ఎవరూ చెప్పనూ లేదు.

తిరుగు ప్రయాణంలో, విశాఖపట్నంలో పొద్దున్నే పాసింజరు ఎక్కాక, అప్ప అడిగింది. ఇంట్లో మాది ఆదివాసీ ఒడియా. అప్ప తెలుగంతా సంతలో నేర్చుకున్న తెలుగు, సినిమా మాటలు ఆమెకి తెలీవు. "ఆ అద్దాలాయన తిట్టినాడేటే మనల్ని?" అంది.

"తిట్టడమేంటప్పా? పదికి పది వేశాడు."

"మరి ఇరగదీసినాం అన్నాడు. నేను ఇన్నాను. ఏటి ఇరిగింది?"

"అది మెచ్చుకోవడం అప్పా. బాగా చేస్తే అలాగంటారు."

"ఇరగదీత్తే బాగా సేసినట్టేటి?" అంది, నమ్మకం లేకుండా. ఆ తర్వాత, "ఎనిమిదికి నువ్వు రాలేదు. పదారు దాకా లెక్కెట్టినాను. పడిపోయినావేమో, కాలిరిగిపోయిందేమో అనుకున్నానే. కదలకు అన్నావని కదల్లేదు గానీ, గుండె దడదడ కొట్టేసుకుంది," అంది.

ఆమె భయమంతా నా గురించి. నేను పడిపోయానేమోనని! చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు.

"లైటు నేరుగా కళ్ళల్లో కొట్టిందప్పా," అన్నాను. "ఏమీ కనపడలేదు. నువ్వెక్కడున్నావో తెలీలేదు."

రైలు మొదటి సొరంగంలోకి దూరింది. చీకట్లో అప్ప చెయ్యి వచ్చి నా చేతిని గట్టిగా పట్టుకుంది. "అయ్యో, నీకూ కనపడలేదేటి పాపం," అంది. బయటికొచ్చాక కూడా తియ్యలేదు. సొరంగం వచ్చినా, వెలుగొచ్చినా, అరకు దాకా పట్టుకునే ఉంది. అది అబద్ధమని అక్కడే చెప్పేసి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను. చెప్పలేదు.

మా డాన్సు టీవీలో మళ్ళీ వేసింది శుక్రవారమే. సంత నిండా తెలిసిపోయింది. షావుకారుగారు దుకాణం ముందు బెంచీలు వేయించాడు. "రావమ్మా రా, అరకు పరువు నిలబెట్టావు," అని నన్ను ముందు కూర్చోబెట్టాడు. ఎన్ని సాకులు వెతికానో! అప్పకి తలనొప్పి అన్నాను, ఎండగా ఉందన్నాను, కరెంటు పోతుందన్నాను. అప్ప వినలేదు. "నన్ను నేను సూసుకోవద్దేటే?" అని అల్లం బుట్ట పక్కన పెట్టి, టీవీకి దగ్గరగా వచ్చి నిలబడింది. పట్టపగలు. ఆమెకి అన్నీ బాగా కనపడే వేళ.

కెమెరాలు మాకు తెలియని చోట్లన్నీ పెట్టారు. నేను వెనక్కి తిరిగినప్పటి నా మొహం పెద్దగా చూపించారు. నేను అప్పని చూడడం, అప్ప ఎక్కడుందో నాకు తెలియడం, తెలిసి ముందుకి తిరగడం, అంతా ఉంది. వెంటనే మాస్టారు అద్దాలు తియ్యడం. మళ్ళీ నా నవ్వు. నా జన్మలో అంత సంతోషంగా నవ్విన నవ్వు ఇంకొకటి లేదు, అదే అందులో దరిద్రం. ఆ తర్వాత చీకట్లో అప్ప, ఒక మూల, చిన్నగా.

బెంచీల మీద వాళ్ళంతా ఈలలు వేశారు. అప్ప చివరిదాకా చూసింది. నా అబద్ధపు సంప్రదాయం కూడా విన్నది. వంగి బుట్ట ఎత్తుకుంది. "ఆ అద్దాలాయన సరిగ్గానే అన్నాడే," అంది నాతో, మామూలుగానే. "ఇరగదీసేసినావు."

దుకాణంలో వాళ్ళు అది మెచ్చుకోలు అనుకుని నవ్వారు.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది. నాకు జావ పోసింది, తల దువ్వింది, హాస్టలుకి వెళ్తుంటే మూట కట్టింది. కానీ ఆ వారమే వెదురు కర్ర ఒకటి నరికి తెచ్చుకుంది. పొద్దు వాలాక ఆ కర్రతోనే బావికి వెళ్ళేది. నేను చెయ్యి అందిస్తే, "ఉందిలేవే," అని కర్ర చూపించేది. ఇటుకల పండక్కి వరుసలోకి మళ్ళీ రాలేదు. ఆమె పక్కన నిలబడాల్సిన చోట నేను వరుసకి చివర్దాన్నయ్యాను. ఒక చెయ్యి ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఎప్పటికీ తెలీలేదు.

నేను టీచర్నయ్యాను. హుకుంపేట దగ్గర ఆశ్రమ పాఠశాలలో వేశారు. ఈలోగా నా అబద్ధం నాకన్నా వేగంగా కొండలన్నీ తిరిగేసింది. టూరిస్టుల ముందు ఆడే జట్లు మధ్యలో ఒకమ్మాయిని అలా నిలబెట్టడం మొదలెట్టారు. టీవీలో వచ్చింది కదా, పెద్దలనాటి సంప్రదాయం అని వినపడింది కదా. ఒకసారి ఒక ఆఫీసరుగారు నాకే వివరించారు, వెళ్ళిపోయినవాళ్ళ కోసం నిలబడడం గురించి. తల ఊపాను. ఏం చెయ్యను?

మండలం స్కూళ్ళకి డాన్సు పోటీలు పెట్టినప్పుడు, మా పిల్లలకి నేర్పడానికి హెడ్మాస్టరుగారు విశాఖపట్నం నుంచి ఒక డాన్సు టీచర్ని పిలిపించారు. ఆ వారమంతా నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ రిహార్సలు వైపే పోలేదు. పోటీ రోజు అప్పని కూడా తీసుకెళ్ళాను. అప్పటికి ఆమెకి పగలు కూడా మసకే, ఎండలో ఆకారాలు తెలుస్తాయంతే. కానీ తుడుము మోగుతుందంటే ఇంట్లో ఉండలేని మనిషి. కర్ర పట్టుకుని నాతో వచ్చి, ముందు వరసలో నా పక్కన కూర్చుంది. స్టేజీ కింద బల్ల వేసి ముగ్గురు జడ్జీలు. వాళ్ళలో ఒకాయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మా పిల్లలు వచ్చారు. వరుస బాగానే తిరిగింది. అప్ప కర్ర మీద వేళ్ళతో తాళం వేస్తోంది. మలుపు దగ్గర ఒక గుంట ముందుకి దూకింది, వరుస అటు వెళ్ళిపోయింది, ఏడో తరగతి గుంట ఒకతె స్టేజీ మధ్యలో చెయ్యి వెనక్కి చాచి నిలబడిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎందుకే తప్పట్లు?" అంది అప్ప. "అందెలు ఒక జత ఆగిపోయినాయి. ఏటయింది?"

"ఒక గుంట ఒక్కర్తీ నిలబడిందప్పా."

"సెయ్యి అప్పజెప్పకుండా ఎవులెల్లిపోయినారు?"

"ఎవరూ కాదప్పా. అలాగే నేర్పారు."

"ఎవులు నేర్పినారు?"

డాన్సు టీచరు అని చెప్పొచ్చు. అబద్ధం కూడా కాదు. "నేనే అప్పా," అన్నాను. "నేనే నేర్పాను. ఆ రోజు నువ్వు కనపడ్డావు నాకు. కనపడ్డా రాలేదు."

"తెలుసు," అంది అప్ప. కర్ర మీద తాళం ఆపింది. "నాకెందుకే ఇప్పుడు? ఆ గుంట సెయ్యి సూడు, ఎల్లు."

లేచి వెళ్ళాను. టీచరు చీర కట్టుకుని, చెప్పులతోనే, జనమంతా చూస్తుండగా స్టేజీ ఎక్కి ఆ గుంట చెయ్యి పట్టుకున్నాను. అది ఉలిక్కిపడి నన్ను చూసి, పెదాలు కదలకుండా, ఏడుపు గొంతుతో అంది, "ఒగ్గీండి మేడమ్, సెయ్యి ఒగ్గీండి. జడ్జీలు సూత్తన్నారు."

నేను వదల్లేదు. ఆ గుంటని లాక్కుంటూ స్టేజీ దాటించి, వరుస చివరి గుంట చేతిలో దాని చెయ్యి పెట్టి, దిగి వచ్చేశాను. మా స్కూలుకి ఏ బహుమతీ రాలేదు. హెడ్మాస్టరుగారు నాకు మెమో ఇస్తానన్నారు. ఆ గుంట నెల్రోజులు నాతో మాట్లాడలేదు.

వచ్చి కూర్చోగానే అప్ప, "అప్పజెప్పినావా?" అంది.

"అప్పజెప్పానప్పా."

తల ఊపింది. పోటీలు అయ్యాక ఇద్దరం లేచాం. పొద్దు వాలుతోంది. చెయ్యి అందించాను. "ఉందిలేవే," అని, బస్సు దాకా కర్రతోనే నడిచింది.